నలభై రెండు లీటర్ల మాట

ఆ పెట్రోలు బంకులోకి మళ్లీ అడుగు పెట్టడానికి భూతద్దం గారికి పందొమ్మిది రోజులు పట్టింది. మొదటి పది రోజులు కోపంతో వెళ్లలేదు. తర్వాతి తొమ్మిది రోజులు మొహం చెల్లక వెళ్లలేదు.

భూతద్దం అన్నది అచ్చాపీసు వాళ్లు పెట్టిన పేరు. ఇరవై ఆరేళ్లుగా ఆయన అక్కడ, కిటికీ పక్క బల్ల దగ్గర, ఎర్ర పెన్నుతో ప్రూఫులు దిద్దుతున్నారు. మందుల డబ్బాల్లో పెట్టే చీటీలు, పరీక్ష పేపర్లు, మిక్సీలూ మోటార్లూ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు, ఏది వచ్చినా ఒకటే శ్రద్ధ. కామా చోటు తప్పితే పట్టుకుంటారు. ఒత్తు జారితే పట్టుకుంటారు. కూతురి ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తే, మార్కులు చూడకముందే టీచరు రాసిన వాక్యంలో దీర్ఘం సరిచేసి, ఆ తర్వాత సంతకం పెట్టిన మనిషి. హోటల్లో మెనూ కార్డు ఆయన చేతికి వెళ్తే భార్య తల పట్టుకునేది. "ముందు ఏం తింటారో చెప్పండి, దిద్దేది తీరిగ్గా దిద్దుదురు గాని" అనేది.

అచ్చయ్యేదాకా దేన్నీ నమ్మరు. అచ్చయ్యాక దేన్నీ అనుమానించరు. అదీ ఆయన తత్వం.

కారు కూడా ఆ తత్వంతోనే కొన్నారు. తొమ్మిదేళ్ల కిందట ఒక చిన్న కారు వాడకం పుస్తకాన్ని తెలుగులో అచ్చు వేసే పని వాళ్ల ఆఫీసుకి వచ్చింది. దాదాపు రెండు వందల పేజీలు. మూడు విడతల ప్రూఫులు చూసేసరికి, స్టీరింగ్ పట్టుకోవడం కూడా రాని ఆయనకి ఆ కారులో ఏ ఫ్యూజు ఏ దీపానిదో కంఠతా వచ్చేసింది. అలాంటి కారు వీధిలో కనిపిస్తే, చిన్నప్పటి స్నేహితుడు ఎదురైనట్టు ఆగి చూసేవారు. యాభైకి దగ్గరపడ్డాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుని, అదే రకం కారు, ఒక చెయ్యి మారినది, కొనుక్కున్నారు. అమ్మినాయన పుస్తకం వెతికి ఇవ్వబోతే, "అక్కర్లేదండీ, నా దగ్గరుంది" అన్నారు. అలా అనగలిగినందుకు ఆ రోజంతా లోలోపల పొంగిపోయారు.

ఇక బంకు సంగతి.

ఆ ఉదయం కూతుర్ని హాస్టల్లో దింపడానికి ముగ్గురూ బయల్దేరారు. ఆరు గంటల ప్రయాణం. పెట్రోలు ముల్లు ఎర్ర గీత మీదికి వచ్చేసింది. వీధి చివరి బంకులో రెండో నంబరు పంపు దగ్గర కారు ఆపారు. అక్కడ పెట్రోలు పోసే ఆమెకి నలభై ఏళ్లుంటాయి. బంకుకి వచ్చేవాళ్లందరికీ ఆమె జీరో అక్క. గొట్టం చేతిలోకి తీసుకుంటే చాలు, "జీరో చూసుకోండి" అంటుంది. మీటరు మీద సున్నాలు చూశామని మనం తల ఊపితే తప్ప చుక్క పొయ్యదు.

"జీరో చూసుకోండి సార్."

ఆయన చూసుకున్నారు.

"ఎంతండీ?"

"నిండా. మూతి దాకా."

కాసేపటికి గొట్టం టక్కుమని ఆగింది. ఆమె మూత కోసం చెయ్యి చాపింది.

"ఇంకా పడుతుంది, పొయ్యండి" అన్నారాయన కిటికీలోంచి.

"ఒకసారి ఆగాక ఆపెయ్యడమే మంచిదండీ. పైన కాస్త ఖాళీ ఉండాలి."

"దూరం వెళ్లాలమ్మా. పైకి కనపడేదాకా పొయ్యండి."

ఆమె పోసింది. నురగ పొంగితే ఆగుతూ, తగ్గాక మళ్లీ పోస్తూ, చంటిపిల్లకి మందు పట్టినంత ఓపిగ్గా పోసింది. చివరికి మీటరు మీద అంకె నలభై నాలుగున్నర దగ్గర నిలబడింది.

భూతద్దం గారు కళ్లజోడు సర్దుకుని ఆ అంకెని రెండుసార్లు చదివారు. ఆయన కళ్లముందు నూట అరవై ఏడో పేజీ తెరుచుకుంది. అట్టడుగు వరస. ఇంధన ట్యాంకు సామర్థ్యం 42 లీటర్లు.

ఆయన కారు దిగారు. "ఇది ఎలా పట్టింది?"

"అంటే ఏంటండీ?"

"ట్యాంకు పట్టేదే నలభై రెండు. అడుగున నాలుగైనా ఉండి ఉంటుంది. నలభై నాలుగున్నర ఎక్కడికి పోయింది?"

"మీ ట్యాంకులోకే పోయిందండీ. గొట్టం ఆగినప్పుడు ముప్పై ఎనిమిదిన్నరే ఉంది. మిగతాది మీరు పొయ్యమంటేనే కదా పోశాను. ఏ బండికైనా మూతి దాకా పోస్తే, రాసినదానికంటే ఎక్కువే పడుతుంది."

"పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"పుస్తకం సంగతి నాకు తెలీదు సార్. అనుమానంగా ఉంటే ఐదు లీటర్ల కొలపాత్ర ఉంది, తెప్పిస్తాను. మీ ఎదురుగానే పోసి చూపిస్తాను."

"ఆ పాత్ర కూడా మీదే కదా."

వెనక ఆగిన స్కూటర్ల వాళ్లు తొంగి చూడసాగారు. నలుగురు చూస్తున్నారని తెలియగానే ఆయన గొంతు తగ్గాల్సింది పోయి లేచింది. ప్రూఫుల బల్ల దగ్గర ఇరవై ఆరేళ్లలో ఎవరూ వినని గొంతు అది.

"చేసేది దొంగతనం, మళ్లీ కొలిచి కూడా చూపిస్తావా నువ్వు?"

ఆమె గొట్టాన్ని దాని చోట తగిలించింది. గుడ్డతో చేతులు తుడుచుకుంది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. మేనేజరు గదిలోకి వెళ్లి ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే ఒకటిన్నర పేజీ రాశారు. ఒక్క కొట్టివేత లేదు. అందులో దొంగతనం అన్న మాట మూడుసార్లు వచ్చింది. మేనేజరు చదివి, "ఈ పుస్తకంలో ఇంత శుభ్రంగా ఎవరూ రాయలేదు సార్. దీన్ని పైకి పంపక తప్పదు" అన్నాడు. ఆయనకి ఆ మాట మెప్పులా వినిపించింది.

కారు ఊరు దాటాక, వెనక సీట్లోంచి కూతురు అంది: "నాన్నా, నువ్వు ఆవిణ్ణి 'నువ్వు' అన్నావు."

"కోపంలో వచ్చిందిలే."

"పక్కింటి పిల్లిని కూడా 'రండి' అని పిలుస్తావు కదా నువ్వు."

"ఊరుకోవే," అంది భార్య. "మీ నాన్నకి ఒక మాట అచ్చులో కనిపించిందంటే ఇక మనుషులు కనిపించరు."

హాస్టలు వచ్చేదాకా ముగ్గురూ రేడియో వింటూ కూర్చున్నారు.

పది రోజులైనా ఫిర్యాదుకి జవాబు రాలేదు. తూనికలు కొలతల ఆఫీసుకే రాయాలని ఆయన నిర్ణయించుకున్నారు. అయితే రాసేముందు ఆధారం ఉండాలి. అందుకని మెకానిక్కు దగ్గరికి వెళ్లి, "నా ట్యాంకు సరిగ్గా ఎంత పడుతుందో తేల్చాలి" అన్నారు.

ఆ మెకానిక్కు తలనెరిసినవాడు, ఆయన్ని గురువు గారూ అని పిలుస్తాడు. "దాన్దేముంది గురువు గారూ. ఎదురు బంకులో మూతి దాకా పోయించుకుని రండి. దించి కొలిచేద్దాం. మీ పుస్తకం గెలిస్తే టీ నాది, ఓడితే మీది" అన్నాడు.

షెడ్డు బయట, ఎండ తగలని చోట, కారు కింద నుంచి గొట్టం వేసి ఐదు లీటర్ల డబ్బాల్లోకి పెట్రోలు దించడం మొదలుపెట్టాడు. భూతద్దం గారు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఒక్కో డబ్బా నిండినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టారు. ఎనిమిది గీతలు పడ్డాయి. ఇప్పుడు ధార సన్నబడుతుందని చూశారు. సన్నబడలేదు. తొమ్మిదో డబ్బా నిండింది. ఆయన గీత పెట్టడం మర్చిపోయారు. పదో డబ్బా సగం దాటాక ధార చుక్కలై, ఆగింది.

"నలభై ఎనిమిది," అన్నాడు మెకానిక్కు, గొట్టం విదిలిస్తూ. "టీ మీదే గురువు గారూ. నాకు చక్కెర ఎక్కువ."

"మరి నలభై రెండని ఎందుకు వేశారు?"

"అది గొట్టం మొదటిసారి ఆగేదాకా పట్టేది. ఆ పైన కావాలనే ఖాళీ వదుల్తారు. ఎండకి పెట్రోలు పొంగుతుంది, ఆవిరి పుడుతుంది, దానికి చోటుండాలా వద్దా. మూతి నుంచి ట్యాంకు దాకా ఉన్న గొట్టం ఒకటి. మూతి దాకా పొయ్యమంటే అదంతా నిండుద్ది. అలా పోయించకూడదు అసలు. ట్యాంకుకి కూడా ఊపిరాడాలి కదండీ."

పైన కాస్త ఖాళీ ఉండాలి. ఈ మాట తనతో ఎవరు అన్నారో ఆయనకి వెంటనే గుర్తొచ్చింది. టీ తెప్పించారు గాని తను తాగలేకపోయారు.

ఇంటికి వచ్చి అలమారలో కింది అర తెరిచారు. ఆ కారు పుస్తకం మీద మమకారంతో, తను దిద్దిన ప్రూఫుల కట్ట దారంతో కట్టి దాచుకున్నారు. విప్పి నూట అరవై ఏడో పేజీ తీశారు. రెండో విడత ప్రూఫు. అట్టడుగు వరసలో ఇలా ఉంది: ఇంధన ట్యాంకు సామర్థ్యం సుమారు 42. ఆ వరసలో చోటు చాలక, లీటర్లు అన్న మాట ఒక్కటే తర్వాతి పేజీ నెత్తి మీద అనాథలా నిలబడింది. సుమారు అన్న మాట మీద ఎర్రటి అడ్డగీత. అంచున తన చేతిరాతే: "అనవసరం. తీసేస్తే వరసలో ఇముడుతుంది."

సుమారు అన్న మాటంటే ఆయనకి మొదటినుంచీ పడదు. తెలియనివాళ్లు తప్పించుకోడానికి వాడే మాట అని, కొత్తగా పనిలో చేరినవాళ్లకి చెప్పేవారు. ఆ రోజు దాన్ని కొట్టేసి, పేజీ కుదిరినందుకు తృప్తిగా లేచి మంచినీళ్లు తాగి ఉంటారు. తొమ్మిదేళ్ల తర్వాత తను కుదించిన వాక్యాన్నే తను నమ్మి, దాన్ని పట్టుకుని ఒక మనిషిని నలుగురిలో దొంగ అన్నారు. గదిలో ఎవరూ లేకపోయినా కాగితాలు గబగబా కట్టేశారు.

భార్యకి చెప్పడానికి సాయంత్రం దాకా పట్టింది. ఆమె బట్టలు మడతపెడుతూ మొత్తం విన్నది. తిడుతుందనుకున్నారు. తిట్టలేదు.

"అయితే వెళ్లి చెప్పండి," అంది.

"ఏమని చెప్పను?"

"ఏమని అరిచారో, అది కాదని చెప్పండి."

చెప్పడం అంత తేలికైతే మర్నాడే వెళ్లేవారు. ఆఫీసుకి వెళ్లే దారి మార్చారు. పెట్రోలు ఇంకెక్కడో పోయించుకున్నారు, అది కూడా గొట్టం ఆగగానే చాలు చాలంటూ. ఒకరోజు మాత్రం కాళ్లు ఊరుకోక, బంకుకి ఎదురుగా ఉన్న పేపర్ల కొట్టు దగ్గర నిలబడ్డారు. రెండో నంబరు పంపు దగ్గర ఆమె లేదు. మీసాలాయన ఎవరో పోస్తున్నాడు.

"జీరో అక్క మానేసిందా?" అని కొట్టు అతన్ని అడిగారు.

"మానెయ్యలేదండీ. అదిగో, ఆ మూల." ఆవరణ చివర, టైర్లకి గాలి పట్టే చోట, ఒక కారు చక్రం పక్కన ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఉంది. "ఎవరో పెద్దమనిషి దొంగతనం చేసిందని పేజీలకి పేజీలు రాసిచ్చాడట. విచారణ అయ్యేదాకా పెట్రోలు ముట్టకూడదని పైనుంచి కాగితం వచ్చింది. పదమూడేళ్లుగా చేస్తోందండీ పాపం. ఇప్పుడు కుర్రకారు వచ్చి, 'అక్కా, గాలైనా పూర్తిగా పడతావా' అని ఎకసెక్కాలు."

"అయ్యో" అన్నారాయన. పొద్దున్నే ఇంట్లో చదివిన పేపరే మళ్లీ ఒకటి కొనుక్కుని వచ్చేశారు. పెద్దమనిషి అన్న మాట మాత్రం దారంతా వెంట వచ్చింది.

పందొమ్మిదో రోజున కారు తీసుకుని బంకులోకి వెళ్లారు. గాలి పట్టే మూలకి పోనిచ్చారు. ఆమె లేచి వచ్చింది. చెప్పాల్సిన వాక్యం ఆయన ఇంటి దగ్గరే తయారుచేసుకుని, రెండు మూడుసార్లు దిద్దుకుని వచ్చారు. నోరు తెరిచారు.

"గాలి చూస్తారా?" అన్నారు.

ఆమె నాలుగు చక్రాల దగ్గరా వంగి, లేచి, వంగి, గాలి చూసింది. ఆయన లోపలే కూర్చుని స్టీరింగ్ పట్టుకుని అద్దంలోంచి చూశారు. అయిపోయాక తల ఊపి వెళ్లిపోయారు.

మర్నాడు మళ్లీ వెళ్లారు. మళ్లీ గాలే. మూడో రోజు కూడా కారు అక్కడే ఆగేసరికి, ఆమె గొట్టం చేతిలోకి తీసుకోలేదు. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, మొన్నా సరిగానే ఉంది, నిన్నా సరిగానే ఉంది. రాత్రికి రాత్రి నాలుగు చక్రాలూ దిగవు. గాలి కోసమైతే మీరు రానక్కర్లేదు. ఏదైనా చెప్పాలనుంటే చెప్పండి."

ఆయన దిగారు. "నన్ను గుర్తుపట్టారా?"

"మిమ్మల్నే కాదు, మీ ట్యాంకుని కూడా గుర్తుపడతాను."

అప్పుడు చెప్పారు. ట్యాంకులో పెట్రోలు దించి కొలిపించిన సంగతి చెప్పారు. నలభై ఎనిమిది అని చెప్పారు. అచ్చాపీసు గురించి, నూట అరవై ఏడో పేజీ గురించి, సుమారు అన్న మాట ఎందుకు కొట్టేయాల్సి వచ్చిందో దాని గురించి చెప్పబోతుంటే ఆమె ఆపింది.

"అదంతా నాకెందుకండీ?"

"తప్పు నాదేనని చెబుతున్నాను."

"నాకు చెప్తే ఏం లాభం? నేను దొంగిలించలేదని నాకు ముందే తెలుసు." ఆమె మేనేజరు గది వైపు చూపించింది. "మీరు అక్కడ రాశారు. అక్కడే రాయండి."

మేనేజరు ఫిర్యాదుల పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. తన ఒకటిన్నర పేజీ అలాగే ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలతో. మిగిలిన సగం పేజీలో ఆయన రాశారు: "పై ఫిర్యాదు విషయంలో పొరపాటు జరిగినందుకు చింతిస్తున్నాను." తేదీ వేసి సంతకం పెట్టబోయారు.

"నన్ను చదవనివ్వండి" అంది ఆమె గుమ్మం దగ్గర నుంచి. వచ్చి, అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది.

"ఎవరు చేశారండీ పొరపాటు?"

"నేనే."

"ఇందులో అది లేదు. జరిగింది అంటే, వాన పడింది అన్నట్టుంది."

ఆయన ఆ వాక్యాన్ని చూశారు. కర్త లేని వాక్యం. ఇంకొకరు రాసి తెస్తే చుట్టూ సున్నా చుట్టి వెనక్కి పంపేవారు. దాన్ని కొట్టేసి కింద రాశారు: "పొరపాటు నేను చేశాను. ఆమె ఎంతో నిజాయితీపరురాలు."

"ఆ రెండోది తీసెయ్యండి" అందామె. "నా నిజాయితీకి మీ సర్టిఫికెట్టెందుకు? నేనెలాంటిదాన్నో మీకేం తెలుసు? మీరేం చేశారో అది రాయండి, చాలు."

మేనేజరు ఇబ్బందిగా కదిలాడు. "పోనీలేమ్మా, పెద్దాయన, వచ్చారు కదా" అన్నాడు.

భూతద్దం గారు రెండో వాక్యం కొట్టేశారు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. గొట్టం ఆగాక ఆపుదామని ఆమె అన్నదని, తానే పొయ్యమన్నానని రాశారు. కొలిచి చూపిస్తానంటే తాను ఒప్పుకోలేదని రాశారు. తన ట్యాంకు ఎంత పడుతుందో తనకే తెలియకుండా, నలుగురి ముందు ఆమెని దొంగ అన్నానని రాశారు. అంతటితో ఆగి, పెన్ను ఎత్తి, మళ్లీ దించారు. ఆమెని నువ్వు అన్నానని రాశారు.

"అది పైవాళ్లకి ఎందుకు సార్?" అన్నాడు మేనేజరు.

"ఉండనివ్వండి" అంది ఆమె.

ఆ సగం పేజీ అంతా కొట్టివేతలు, ఇరికింపులు. ఒక వరస పైకి ఎక్కింది, ఇంకో వరస కిందికి జారింది. ఒకచోట ఒత్తు రెండుసార్లు పడింది. ఆయన సరిచేయకుండానే సంతకం పెట్టారు. మేనేజరు పుస్తకం అందుకుని, "పంపిస్తాను. వాళ్లు ఎప్పుడు చూస్తారో, ఏమంటారో నా చేతిలో లేదు" అన్నాడు.

ఆమె అప్పటికే బయటికి నడిచింది. ఆయన వెనకే వెళ్లారు. క్షమించమని అడగాలని ఉంది. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుందని, అది ఆమె నెత్తిన ఇంకో పని పెట్టడమవుతుందని తోచి, అడగలేక, గాలి గొట్టం పక్కన నిలబడిపోయారు. ఆమె నేల మీద పడి ఉన్న గొట్టం చుట్ట విప్పుతోంది. వెనక నుంచి హారను మోగింది.

ఇంటికి వచ్చేసరికి భార్య తలుపు దగ్గరే ఉంది.

"చెప్పారా?"

"రాశాను."

"ఏమందావిడ?"

ఆయన చెప్పులు విడిచి, వాటిని గోడవారగా పెట్టారు.

"వెనక లారీ ఉంది, బండి తియ్యమన్నారు."